స్తంభాల యార్డులో 400 టన్నుల వేస్ట్ కాంక్రీట్: ట్రాక్టర్‌కి ఏ బ్రేకర్ పెట్టాం, ఎందుకు పెట్టాం

ఏలూరు నుంచి కొల్లేరు వైపు వెళ్లే దారిలో ఒక సిమెంటు స్తంభాల యార్డు ఉంది. కరెంటు లైన్లకు వాడే 8 మీటర్లు, 9.1 మీటర్ల స్తంభాలు, కంచె స్తంభాలు, డ్రెయిన్ల మీద వేసే మూతలు అక్కడ పోస్తారు. పోసినదంతా అమ్ముడుపోదు. అచ్చు విప్పేటప్పుడు అంచు విరిగినవి, తీగ బయటపడినవి, టెస్టులో వంచి విరగ్గొట్టినవి, సాయంత్రం మిక్సర్ కడిగినప్పుడు పారబోసిన ముద్దలు, అన్నీ ప్రహరీ వెనక్కి చేరాయి. ఎనిమిదేళ్లలో గుట్ట అయింది.

నేను బెజవాడ ఆటోనగర్‌లో హైడ్రాలిక్ పని చేస్తాను. పంపులు, సిలిండర్లు, హోస్ పైపులు, ఆయిల్ ఒత్తిడితో ఉలిని కొట్టించి రాయి, కాంక్రీట్ పగలగొట్టే బ్రేకర్లకు సీల్ కిట్లు. యార్డు యజమాని ఒకరోజు ఫోన్ చేశారు. "తమ్ముడూ, జేసీబీకి వాడిన బ్రేకర్ ఒకటి చవగ్గా వస్తోంది. మన 50 హెచ్‌పీ ట్రాక్టర్‌కి తగిలించి ఈ గుట్ట కొట్టించేద్దాం. నువ్వొచ్చి పైపులు కలిపితే చాలు" అన్నారు. "డబ్బు ఇవ్వకండి, ముందు నేను వచ్చి చూస్తానండి" అన్నాను. ఆ ఒక్క మాట దగ్గర ఆగడం వల్లే ఈ పని సరిగ్గా జరిగింది.

ఆయన ఆత్రానికి కారణం లేకపోలేదు. డెల్టాలో రాయి దొరకదు. రోడ్డు పరుపుకైనా, పునాది కింద నింపడానికైనా కంకర మెట్ట ప్రాంతం క్వారీల నుంచి లారీల్లో రావాల్సిందే. వానాకాలంలో ఆయన యార్డులోనే లారీలు నల్లమట్టిలో దిగబడుతుంటాయి. ఒకపక్క కొన్న కంకర పోయిస్తూ, ఇంకోపక్క గట్టి కాంక్రీట్‌ని గుట్టగా వదిలేయడం నాకూ బాధనిపించింది. పగలగొట్టిన కాంక్రీట్ కంకర పనికిరాని సరుకేం కాదు. కంకర మీద ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 383, దాని 2016 సవరణలో దీనికి చోటిచ్చారు. ఎం15 కన్నా తక్కువ గ్రేడ్ (ఎం పక్కన అంకె పెరిగేకొద్దీ కాంక్రీట్ గట్టిది), సిమెంటు తక్కువ కలిపే లీన్ కాంక్రీట్‌లో పెద్ద కంకర మొత్తం ఇదే వాడొచ్చు. ఇనుము లేని కాంక్రీట్‌లో 25 శాతం దాకా, ఇనుము వేసేదాంట్లో ఎం25 గ్రేడ్ వరకు 20 శాతం దాకా కలపొచ్చు. ఈయనకి అంత కూడా అక్కర్లేదు, యార్డు దారులకీ బెడ్లకీ వస్తే చాలు.

ముందు గుట్టని కొలిచాం. పొడవు 20 మీటర్లు, వెడల్పు 9, సగటు ఎత్తు 1.6. అంటే 288 ఘనపు మీటర్లు. మధ్యలో ఖాళీలు ఎక్కువ కాబట్టి 40 శాతం తీసేశాను. మిగిలిన సుమారు 170 ఘనపు మీటర్లను కాంక్రీట్ బరువు 2.4 టన్నులతో గుణిస్తే దాదాపు 400 టన్నులు. ఆ లెక్క కన్నా ముఖ్యమైనది ముక్కల ఆకారం. గుట్టలో ఎక్కువ భాగం స్తంభాలు, మూతలు, అంటే సన్నటి సరుకు. మిక్సర్ ముద్దలు మాత్రం కొన్ని నడుము ఎత్తున ఉన్నాయి. పగలగొట్టినదాన్ని పక్క ఊళ్లో ఉన్న 16×10 అంగుళాల నోరున్న జా క్రషర్‌కి (దవడల మధ్య నలిపి కంకర చేసే యంత్రానికి) పంపాలని ఆయన ఆలోచన. ఆ నోట్లో పట్టాలంటే ముక్క 200 మిల్లీమీటర్లకు మించకూడదు. ఇదీ మన పని: 200 మిల్లీమీటర్ల ముక్కలు చేయడం, తీగ విడదీయడం. బండరాయిని చీల్చడం కాదు.

మిగతా దారులు కూడా చూశాం. సమ్మెటతో స్తంభాలు విరుగుతాయి గానీ ఎం40 కాంక్రీట్ మీద మనుషులు ఎంతసేపని కొట్టగలరు? బావులు తవ్వేవాళ్ల కంప్రెసర్ ట్రాక్టర్ ఒకటి పిలిపించి అరపూట చూశాం. జాక్‌హామర్ పట్టుకున్న కుర్రాళ్లు కదిలే ముక్కల గుట్ట మీద నిలబడాల్సి వచ్చింది, కాలు జారితే ప్రమాదం. ఆ ఆలోచన అక్కడే మానేశాం. అద్దె జేసీబీ బ్రేకర్ అన్నింటికన్నా వేగంగా తేలుస్తుంది, ఒక్కసారి పని అయితే నేనూ అదే చేయమనేవాణ్ని. కానీ ఈ యార్డులో ప్రతి నెలా సరుకు చేరుతూనే ఉంటుంది. నెలకి రెండు మూడు రోజుల పనికి సొంత ట్రాక్టర్ ఖాళీగా ఉన్నప్పుడు కొట్టుకోవడమే మేలు.

ఇప్పుడు ఆ చవక బ్రేకర్ సంగతి. అది 68 మిల్లీమీటర్ల ఉలి ఉన్నది. ఆ సైజు బ్రేకర్లకు మామూలుగా నిమిషానికి 40 నుంచి 70 లీటర్ల ఆయిల్ కావాలి, 110 నుంచి 140 బార్ ఒత్తిడి కావాలి, మోసే బండి 4 నుంచి 7 టన్నులు ఉండాలి. ట్రాక్టర్ బరువు రెండు టన్నుల పైచిలుకు. బ్రేకర్‌ని మోసే చేయి, అంటే బూమ్, వెనక పెడితే మూడున్నర. అంటే బరువులోనే తేలిపోయింది. అయినా యజమానిగారికి కళ్లతో చూపించాలని ఫ్లో మీటర్ తీసుకెళ్లాను. ట్రాక్టర్ వెనక ఆయిల్ పోర్టుకి కలిపి, లోడ్ వాల్వ్ తిప్పి 120 బార్ దగ్గర చూస్తే చల్లగా ఉన్నప్పుడు 33 లీటర్లు, అరగంట నడిచాక 27 లీటర్లు వచ్చాయి. మీటరు ముల్లు కిందికి జారడం ఆయన స్వయంగా చూశారు. "ట్రాక్టర్‌కి 50 గుర్రాలున్నాయి కదయ్యా" అన్నారు.

చాలామంది ఇక్కడే పొరపడతారు. లెక్క వేసి చెప్పాను. హైడ్రాలిక్ పవర్ కిలోవాట్లలో కావాలంటే బార్‌ని లీటర్లతో గుణించి 600తో భాగించాలి. ఇలాంటి బ్రేకర్‌కి 42 లీటర్లు, 120 బార్ అనుకుంటే 8.4 కిలోవాట్లు. పంపులో పోయే నష్టం కలిపినా ట్రాక్టర్ నుంచి 13 హెచ్‌పీ చుట్టుపక్కల తీసుకుంటుంది. గుర్రాలు మిగిలిపోతాయి. కొరత వచ్చేది ఆయిల్ ప్రవాహంలో, ఆ తర్వాత బండి బరువులో. బ్రేకర్ కొట్టేది ఉలి మీద బండి బరువు మోపినప్పుడే. బండి తేలికైతే దెబ్బ రాయిలోకి దిగదు, వెనక చక్రాలు పైకి లేస్తాయి. పెద్ద ఉలికి పెద్ద దెబ్బ ఉంటుందన్నది నిజమే, దాన్ని అదిమిపట్టే బండి కింద ఉంటేనే.

ఇదే సూత్రంతో అమ్మేవాళ్ల మాటల్ని కూడా తూకం వేయొచ్చు. ఒకరు 53 మిల్లీమీటర్ల బ్రేకర్‌కి "దెబ్బకి 1,000 జౌల్స్, నిమిషానికి 800 దెబ్బలు" అన్నారు. దానికి 42 లీటర్లు, 110 బార్ ఇస్తాం అనుకుంటే 7.7 కిలోవాట్లు. నిమిషానికి 800 అంటే సెకనుకి 13 దెబ్బల పైన. ఒక్క చుక్క నష్టం లేకుండా లోపలికి వెళ్లిన శక్తి మొత్తం ఉలికి చేరినా దెబ్బకి 578 జౌల్స్‌కు మించదు. నిజంగా చేరేది అందులో కొంత భాగమే. బ్రోచర్ ముందు పెట్టుకుని ఈ చిన్న భాగహారం చేస్తే ఎవరి మాట నమ్మొచ్చో అక్కడికక్కడే తెలిసిపోతుంది.

చివరికి తీసుకున్నది 53 మిల్లీమీటర్ల ఉలి, నిమిషానికి 25 నుంచి 45 లీటర్లు, 90 నుంచి 120 బార్ పనిచేసే బ్రేకర్. చుట్టూ మూసి ఉన్న బాక్స్ మోడల్ ఎంచుకున్నాం. పక్కనే ఇళ్లున్నాయి, చప్పుడు కొంత తగ్గుతుంది. తీగలు చుట్టుకునే పనిలో బోల్టులకీ రక్షణ ఉంటుంది.

ట్రాక్టర్ సొంత ఆయిల్‌తో నడపకూడదని మొదట్నుంచీ నా పట్టు. చాలా ట్రాక్టర్లలో లిఫ్ట్ ఆయిల్, గేర్‌బాక్స్ ఆయిల్ ఒకటే. బ్రేకర్ ఆ ఆయిల్‌ని కాగబెడుతుంది, అరుగుదల పొడినీ సీల్ ముక్కల్నీ అందులోకి వదులుతుంది. రేపు దుక్కికి వెళ్లాల్సిన గేర్‌బాక్స్‌ని కాంక్రీట్ కోసం పాడుచేసుకోవడం తప్పు. అందుకే పీటీవో మీద, అంటే ట్రాక్టర్ వెనక ఇంజిన్‌తో తిరిగే షాఫ్ట్ మీద, విడిగా పంపు పెట్టాం. 540 ఆర్‌పీఎంని ఒకటికి మూడు పెంచే గేర్ డబ్బా, దానికి ఒక తిప్పుకి 28 సీసీ ఇచ్చే గేర్ పంపు. 1,620 తిప్పులకి లెక్క ప్రకారం 45, లీకేజీ పోను 42 లీటర్లు. 120 లీటర్ల ట్యాంకు, రిటర్న్ ఫిల్టర్, ఫ్యాన్ ఉన్న ఆయిల్ కూలర్, ఒత్తిడి హద్దు దాటితే ఆయిల్‌ని వదిలేసే రిలీఫ్ వాల్వ్ 160 బార్ దగ్గర. మన ఎండలకి వీజీ 68 చిక్కదనం ఉన్న ఆయిల్ పోశాం.

బూమ్‌ని, ట్రాక్టర్ వెనక నాగలి లాంటివి తగిలించే మూడు పాయింట్ల లింకేజీకి ఊరికే తగిలిస్తే సరిపోతుందని ఒక వెల్డింగ్ షాపువాళ్లు అన్నారు. వద్దన్నాను. బ్రేకర్ అదురు టాప్ లింక్ మీదుగా లిఫ్ట్ హౌసింగ్‌కి చేరుతుంది, అది పోత ఇనుము, ఏదో ఒకరోజు చిట్లుతుంది. ఛాసిస్ పొడవునా ముందు దాకా వెళ్లే సబ్‌ఫ్రేమ్ చేయించి, దానికి పాత బ్యాక్‌హో బూమ్ బిగించాం. ముందు వెయిట్లు వేశాం. రెండు పక్కలా జాకీ కాళ్లు, వాటి కింద నల్లమట్టిలో దిగకుండా మందపాటి ఇనుప పలకలు.

అన్నీ బిగించి మొదటి ముద్ద మీద ఉలి ఆనించాం. ఆశించిన దెబ్బ రాలేదు. ఉలి కొడుతోంది గానీ బలం లేదు, అడుగు మందం ముద్ద నిమిషం కొట్టినా పగలలేదు. యజమానిగారి మొహంలో నిరాశ కనిపించింది. డ్రైవరైతే "అన్నా, 68దే తీసుకోవాల్సిందేమో" అన్నాడు. నాకూ లోపల టెన్షన్‌గానే ఉంది. పంపు దగ్గర ఒత్తిడి చూశాను, సరిగ్గా ఉంది. ప్రవాహం 41 లీటర్లు, అదీ సరిగ్గానే ఉంది. వెళ్లే ఆయిల్ బాగానే వెళ్తోంది, మరి తిరిగొచ్చేది? రిటర్న్ పైపుకి గేజ్ పెడితే 28 బార్ చూపించింది.

కారణం దొరికింది. రిటర్న్‌కి కూడా అరంగుళం పైపే వేశారు, మధ్యలో క్విక్ కప్లింగ్ ఉంది, చివర పైపు కంట్రోల్ వాల్వ్ మీదుగా ట్యాంకుకి వెళ్తోంది. పిస్టన్ దెబ్బ కొట్టి వదిలిన ఆయిల్ బయటికి పోవడానికి దారి ఇరుకై, ఎదురొత్తిడి పిస్టన్‌ని వెనక్కి పట్టుకుంటోంది. ఇది నా తప్పే. ప్రెషర్ లైన్ కొలతలు రాసిచ్చి, రిటర్న్ కొలత రాయకుండా కుర్రాళ్లకి వదిలేశాను. ఆ సాయంత్రమే ఒక అంగుళం పైపు వేసి, కప్లింగ్ తీసేసి, వాల్వ్‌తో సంబంధం లేకుండా ఫిల్టర్ ద్వారా నేరుగా ట్యాంకులోకి కలిపాను. మర్నాడు గేజ్ 6 బార్. అదే ముద్ద 20 సెకన్లలో రెండుగా విడింది. ఆయిల్ వేడి కూడా తగ్గింది. మొదటి రోజు 50 నిమిషాలకే ట్యాంకు 84 డిగ్రీలు చూపిస్తే, ఆ తర్వాత రెండు గంటలు నడిపినా 70 దాటలేదు. బ్రేకర్‌కి బలం లేదని ఎవరైనా నా దగ్గరికొస్తే ఇప్పుడు మొదట గేజ్ పెట్టేది రిటర్న్ పైపుకే.

ఇంకో జాగ్రత్త డ్రైవర్ చేతిలో ఉంటుంది. పని తొందరగా అవ్వాలంటే యాక్సిలరేటర్ లాగడం వాళ్లకి అలవాటు. ఈ ట్రాక్టర్‌లో 540 పీటీవో ఇంజిన్ 1,700 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది. దాన్ని 2,200కి లాగితే 42 లీటర్లు 54 అవుతాయి. బ్రేకర్ తట్టుకునే హద్దు 45. ఎక్కువైన ఆయిల్ బ్రేకర్ లోపల గ్యాస్‌నీ ఆయిల్‌నీ విడదీసే పొర అయిన డయాఫ్రమ్‌నీ సీళ్లనీ తినేస్తుంది. హ్యాండ్ యాక్సిలరేటర్ పట్టా మీద ఎర్ర రంగుతో గీత గీశాను. "తమ్ముడూ, ఈ గీత దాటితే నీ బ్రేకర్ నా షాపుకొస్తుంది" అని చెప్పాను. అతను ఆ గీత చెరిగిపోకుండా దాని పక్కన ఆకురాయితో చిన్న గాటు కూడా పెట్టుకున్నాడు. పని మీద అలాంటి శ్రద్ధ ఉన్న మనిషి దొరకడం ఆ యార్డు అదృష్టం.

కొట్టే చోటు గురించి కూడా చెప్పాలి. మొదట్లో ముద్దల్ని పడున్నచోటే కొట్టాం. కింద నల్లమట్టి మెత్తగా ఉండటంతో ముద్ద పగలడానికి బదులు భూమిలోకి దిగిపోయింది. కొట్టిన దెబ్బంతా మట్టికి పోయింది. అప్పుడు పగిలిన ముక్కలతోనే అడుగు మందాన పరుపు వేసి రోలర్‌తో తొక్కించాం, మూడు వైపులా పాత మూతలు పేర్చి ఆపు పెట్టాం. ముద్ద దొర్లదు, దిగదు. ఆ తర్వాత పని తీరే మారిపోయింది. ముద్ద నడిబొడ్డున కొట్టకూడదు. అంచు నుంచి అడుగు లోపలికి పెట్టి, ఉలిని నిటారుగా నిలిపి, ముక్క విడిపోయాక లోపలికి జరగాలి. ఒకేచోట 20 సెకన్లు కొట్టినా పగుళ్లు రాకపోతే చోటు మార్చాలి. చెవితోనే తెలుస్తుంది: గట్టి కాంక్రీట్ మీద దెబ్బ ఖణేల్మని మోగుతుంది, లోపల చీలిక పడగానే ఆ మోత చచ్చిపోయి దబదబమంటుంది. ఆ క్షణాన ఆపేయాలి. ఆపకపోతే ముక్క పక్కకి పడిపోయి ఉలి గాల్లో కొడుతుంది, ఆ ఖాళీ దెబ్బలకి పిన్నులూ బోల్టులూ పోతాయి. ఉలితో ముక్కల్ని ఎత్తి తిరగేయడం కూడా మాన్పించాం. ఆ పని గడ్డపార చేస్తుంది.

ముద్దలకి మొద్దు ఉలి బాగా పనిచేసింది, మొన ఉలి గుండ్రటి ముక్క మీద జారిపోయేది. స్తంభాలకి బల్ల ఉలి అడ్డంగా పెట్టాం. ఈ స్తంభాల్లో మామూలు చువ్వ ఉండదు, లాగి బిగించి పోసిన హై టెన్సైల్ తీగ ఉంటుంది. కాంక్రీట్ పట్టు వదిలినప్పుడు ఆ తీగ చివర ఎటు ఎగురుతుందో చెప్పలేం. అందుకే స్తంభం రెండు చివర్ల ఎదురుగా ఎవర్నీ నిలబడనివ్వలేదు. ఒక కొస నుంచి అడుగు అడుగు చొప్పున నలిపించుకుంటూ వెళ్లి, తీగ పూర్తిగా వదులయ్యాకే కట్టర్‌తో తుంచాం. కళ్లద్దాలు, చెవులకి ప్లగ్గులు, ముక్కుకి గుడ్డ కాదు, సరైన మాస్కు. కాంక్రీట్ దుమ్ములో ఉండే సిలికా ఊపిరితిత్తుల్ని మళ్లీ బాగుపడనంతగా పాడుచేస్తుంది. కొట్టబోయే సరుకుని ముందు రోజు సాయంత్రమే తడిపి ఉంచేవాళ్లం.

ఆ నీళ్ల పైపే ఒకరోజు నష్టం చేసింది. మధ్యాహ్నం ఉలి మొన వేడెక్కి నీలిరంగు తిరిగిందని కూలీ ఒకతను మంచి మనసుతోనే దాని మీద నీళ్లు కొట్టాడు. చుయ్‌మంది. రెండు రోజుల తర్వాత మొన దగ్గర వెంట్రుక లాంటి పగులు కనిపించింది, ఆ వారంలోనే బొటనవేలంత ముక్క ఊడింది. వేడి ఉలిని గాలికే చల్లారనివ్వాలని నేను ముందే చెప్పి ఉండాల్సింది. గ్రీజు కూడా అంతే: మామూలు ఛాసిస్ గ్రీజు కరిగి కారిపోతుంది, ఉలికి వాడే, వేడిని తట్టుకునే మాలీ పేస్ట్ కొనాలి. ఉలిని నేలకి నొక్కిపెట్టి నిటారుగా ఉంచి, రెండు గంటలకోసారి కొట్టాలి. ఉలి వేలాడుతుండగా గ్రీజు కొడితే అది పిస్టన్ కిందికి చేరి సీల్‌ని తోసేస్తుంది.

బ్రేకర్ లోపల పిస్టన్ దెబ్బకి తోడ్పడే గ్యాస్ ఉంటుంది, దాని విషయం గట్టిగా చెబుతున్నాను. బ్రేకర్‌లో నింపేది నైట్రోజన్ ఒక్కటే. ఊళ్లలో వెల్డింగ్ షాపుల్లో ఆక్సిజన్ సిలిండర్ చేతికందేలా ఉంటుంది, దాంతో నింపితే ఆయిల్‌తో కలిసి పేలుతుంది, ప్రాణాలు పోతాయి. హోస్ పైపులు మామూలు కన్నా ఎక్కువ ఎగురుతున్నాయంటే గ్యాస్ తగ్గిందనో డయాఫ్రమ్ పోయిందనో అర్థం. బండి ఆపి, గ్యాస్ నింపే కిట్ ఉన్నవాళ్ల దగ్గరికే తీసుకెళ్లాలి.

పని నడక ఇలా ఉంది. పూటపూటా తీగలు ఏరడం, ముక్కలు తోయడం కలుపుకుని రోజుకి నాలుగైదు యూనిట్లు వస్తున్నాయి, అంటే ట్రక్కుకి ఒక యూనిట్ లెక్కన 16 నుంచి 20 టన్నులు. స్తంభాల రోజున ఎక్కువ, ముద్దల రోజున తక్కువ. అద్దె జేసీబీ అయితే ఇంతకన్నా చాలా వేగం, అందులో సందేహం లేదు. కానీ ఈ ట్రాక్టర్ బూమ్ విప్పేస్తే మర్నాడే ట్రక్కు లాగుతుంది.

గుట్టలో మూడో వంతు మిగిలింది, అన్నీ పెద్ద ముద్దలే. గేటు నుంచి అచ్చుల షెడ్డు దాకా దారి వేయడం అయిపోయింది, మొన్నటి వానకి లారీ దిగబడలేదు. మిక్సర్ కడిగిన కాంక్రీట్‌ని ఇప్పుడు కుప్పగా పారబోయడం లేదు, నాలుగు అంగుళాల మందాన పలకలా పరుస్తున్నారు. అలాంటి పలకని ఈ బ్రేకర్ నిమిషంలో తేల్చేస్తుంది. వచ్చే నెల వెళ్లి ఉలి బుష్ అరుగుదల కొలవాలి. రెండో ఉలి కొనిపెట్టమని యజమానిగారికి చెప్పి వచ్చాను.